పంచాయతీ లెక్కలో పాడి పశువు
(తంబళ్లపల్లె ప్రాంత పాల సంఘాల సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో లెక్క గట్టిది. అర లీటరు పాలు పోసినా పుస్తకంలో ఎక్కుతుంది. వెన్న శాతం చూస్తారు, చీటీ ఇస్తారు. చీటీలో తేడా కనిపిస్తే మనం అక్కడికక్కడే అడుగుతాము. అడగవలసిందే. అయితే ఆ పాలు ఇచ్చిన ఆవు రోజుకు ఎంత నీరు త్రాగింది, ఎంత పేడ వేసింది, దాని కొట్టం ఎక్కడ వున్నది, కొట్టం కడిగిన మురుగు ఎటు పోతున్నది అన్న లెక్క మాత్రం చాలా ఊళ్లలో ఎవరి దగ్గరా లేదు. సంఘం పుస్తకంలో దానికి గడి లేదు. పంచాయతీ ప్రణాళికలోనూ కనిపించడం అరుదు.

ఈనాడు మేము మనవి చేయదలచినది ఈ ఒక్క విషయమే. ఇంటి అనుమతి, ఎరువు, నీరు ఈ మూడింటికీ పంచాయతీ వ్రాసే కాగితాలలో పాడి పశువును కూడా వ్రాయించవలెను. ఆ పని పాల సంఘమే పూనుకొని చేయించవలెను. చేయించకపోతే నష్టపోయేది పాలు పోసే కుటుంబమే.

పంచాయతీకి దీనితో పని వున్నదా?

వున్నది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలును చేర్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు అందులో వున్నవి. మూడవ అంశం చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం. నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకం. పదవది గ్రామీణ గృహాలు, పదకొండవది త్రాగునీరు, పన్నెండవది ఇంధనము, పశుగ్రాసము. నీరు, పాడి ఒకదాని ప్రక్కన ఒకటి వ్రాయబడి వున్నవి. కాబట్టి గ్రామసభలో ఆవును గూర్చి మాట్లాడితే అది సంబంధం లేని మాట అని ఎవరూ తోసిపుచ్చడానికి వీలు లేదు.

2018 నుండి ఏటా అక్టోబరు 2వ తేదీతో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కార్యక్రమం మొదలు పెడుతూ వచ్చారు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 23న ఒకే రోజున 13,326 పంచాయతీలలో గ్రామసభలు జరిపి, చేపట్టవలసిన పనుల జాబితాలు వ్రాశారు. సిమెంటు రోడ్లు, మురుగు కాలువలు అడిగిన వారికి జాబితాలో చోటు దొరికింది. సభకు రాని వారి పని జాబితాలో ఎక్కదు. ఆ సమయంలో పాలు పోయడానికి పోయినామని చెప్పుకొన్నందువల్ల ప్రయోజనం లేదు.

నీటి లెక్క

పాలిచ్చే ఆవుకు రోజుకు త్రాగడానికే సుమారు 60 లీటర్ల నీరు కావలెను. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ త్రాగుతుంది. పాలలో నూటికి 87 వంతులు నీరే. నీరు చాలని పశువు మేత తగ్గిస్తుంది, ఆ వెంటనే పాలు తగ్గిస్తుంది. దాణా ఎంత మంచిది పెట్టినా నీటి లోటును అది పూడ్చలేదు.

ఇక ఇంటింటికి కుళాయి నీరు ఇచ్చే జలజీవన్ మిషన్ సంగతి చూడండి. ఆ పథకం 2019 ఆగస్టు 15న ప్రకటించబడింది. అందులో మనిషికి రోజుకు 55 లీటర్లు అని ప్రమాణం పెట్టారు. అనగా ఒక పాడి ఆవు త్రాగే నీరు ఒక మనిషికి కేటాయించిన నీటి కంటే కొంచెం ఎక్కువే. పథకం లెక్కలో మనిషి వున్నాడు, ఆవు లేదు.

ఒక పల్లెను ఊహించుకొందాము. 400 మంది జనం, 100 పాడి పశువులు. జనానికి రోజుకు 22,000 లీటర్లు కావలెనని ట్యాంకు, మోటారు అమర్చారు. పశువులకు కావలసినది 6,000 లీటర్లు. ఇది జనానికి అనుకొన్న నీటిలో నాలుగవ వంతు కంటే ఎక్కువ. ఆ 6,000 లీటర్లు ఎక్కడి నుండి వస్తాయి? కుంట నిండిన నెలల్లో కుంట నుండి వస్తాయి. కుంట ఎండితే అదే కుళాయి నుండి వస్తాయి. అప్పుడు చివరి వీధికి నీరు అందదు. ఆవులున్న ఇంటి వారే నీరంతా పట్టుకొంటున్నారని మాట పుడుతుంది, తగాదా పుడుతుంది. నిజానికి తప్పు ఆ ఇంటిది కాదు, లెక్క వేసేటప్పుడు ఆవును విడిచిపెట్టడం వల్ల వచ్చిన చిక్కు అది.

పశువును లెక్కలో కలుపడం కొత్త విషయమేమీ కాదు. వెనుకటి గ్రామీణ నీటి సరఫరా పథకంలో మనిషికి 40 లీటర్లు అని ప్రమాణం వున్న రోజుల్లో, ఎడారి అభివృద్ధి పథకం అమలైన ప్రాంతాలలో పశువుల కోసం అదనంగా మరి 30 లీటర్లు చేర్చేవారు. మన ప్రక్కనుండిన ఉమ్మడి అనంతపురం జిల్లా ఆ ఎడారి పథకంలో వుండేది. ఆ లెక్కను ఆదర్శంగా చూపి మనం అడుగవచ్చును.

పశువుల సంఖ్య ఎక్కడ దొరుకుతుందంటారా? 2019లో ఇరవయ్యవ పశుగణన జరిగింది. ఇరవై ఒకటవ పశుగణన 2024 అక్టోబరు 25న ప్రారంభమైంది. మన పల్లెల్లో ఇంటింటికి వచ్చి వ్రాసుకొన్నారు. ఆ వివరాలు పశువైద్యశాలలో అడగండి. పాలు పోసే ఇండ్ల పేర్లు మన సంఘం పుస్తకంలోనే వున్నవి. రెండూ కలిపి ఒక కాగితం మీద వ్రాస్తే పంచాయతీకి ఇవ్వవలసిన మొదటి లెక్క తయారైనట్లే.

బోర్లు, చెరువులు, కాలువ

మనది వర్షం మీద, భూగర్భజలం మీద బ్రతికే ప్రాంతం. పాపాగ్ని నంది కొండల్లో పుట్టి మన వైపు వచ్చినా ఏడాది పొడుగునా పారదు. పెద్దేరు ప్రాజెక్టు నిండేది మంచి వాన పడిన సంవత్సరంలోనే. టమోటాకు, వేరుశనగకు, పశుగ్రాసానికి, త్రాగునీటికి అన్నింటికీ అదే భూమిలోని నీరు. ఒకరి బోరు పోతే ప్రక్కన ఇంకొకరు ఇంకా లోతుగా వేస్తారు. అప్పు మిగులుతుంది, నీరు మిగలదు.

హంద్రీ-నీవా కాలువ వచ్చింది కదా అని కొందరు అనవచ్చును. నిజమే, సంతోషించవలసిన విషయమే. శ్రీశైలం జలాలు ఏడువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కుప్పం చేరగా, 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడ జలహారతి ఇచ్చారు. పుంగనూరు బ్రాంచి కాలువ మన వైపే వున్నది. కాని కాలువ నీరు చెరువుకు చేరవలెనంటే వంక పూడిపోకుండా వుండవలెను, తూము పనిచేయవలెను, మరవ గట్టిగా వుండవలెను. చెరువు నిండిన తరువాత ఆ నీరు పంటకు ఎంత, పశువుకు ఎంత, వేసవికి ఎంత నిలుపవలెను అని ఊరు ముందుగా కూర్చొని అనుకోవలెను. కాలువ వచ్చినంత మాత్రాన లెక్క అక్కరలేదని కాదు. నీరు వచ్చిన చోటనే పంచుకొనే లెక్క ఎక్కువ అవసరం.

ఈ లెక్క రైతులు వేయలేరని ఎవరైనా అంటే నమ్మవద్దు. 2003 నుండి 2009 వరకు రైతుల చేతనే భూగర్భజలాల యాజమాన్యం నడిపించే పథకం ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో జరిగింది. చిత్తూరు జిల్లా వాటిలో ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. అక్షరాలు అంతగా రాని రైతులు, మహిళలు సైతం వానమాపకం చూసి వ్రాశారు. బావుల్లో నీటి మట్టం కొలిచారు. బోరు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తున్నదో డ్రమ్ము పెట్టి చూశారు. రబీకి ముందు అందరూ కూర్చొని, భూమిలోకి ఇంత నీరు దిగింది, మనం వేయదలచిన పంటలకు ఇంత కావలెను, లోటు ఇంత అని ఊరి గోడ మీద వ్రాసుకొన్నారు. ఫలానా పంట వేయరాదని ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క కళ్ల ఎదుట వుండగా ఎవరికి వారే నిర్ణయించుకొన్నారు. నీరు ఎక్కువ త్రాగే పంటను తగ్గించుకొన్నవారు ఎందరో వున్నారు.

మరొక సంగతి పాడి సహకార సంఘాలకు గర్వకారణమైనది. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పాలతో ఆగిపోలేదు. బంజరు భూముల్లో మేత, వంటచెరకు పెంచడానికి 1986లో చెట్ల పెంపకందారుల సహకార సంఘాల పని మొదలు పెట్టింది. 1988లో వాటికి జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ పని నుండే తరువాత ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ వచ్చి, మన మదనపల్లె, తంబళ్లపల్లె ప్రాంతాల్లో ఊరుమ్మడి భూములు, చెరువులు, నీటి లెక్కల మీద పనిచేసింది. మేత, నీరు, పాలు ఒకే త్రాటికి కట్టినవని పాడి పెద్దలు నలభై ఏండ్ల క్రిందటనే గుర్తించినారన్న మాట.

చట్టం కూడా ఒకటి గుర్తుంచుకొనవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అనేది, ప్రకారం బావులను, బోర్లను నమోదు చేయించవలెను. ఊరి త్రాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదు. కొట్టం వెనుకనే బోరు వేసుకొంటే సుఖమని తొందరపడి రిగ్గును పిలువకండి. ఊరి బోరు దెబ్బ తింటే మన ఇంటి కుళాయీ ఎండుతుంది.

ఎన్ని పశువులు, ఏ జాతి అన్నది కూడా నీటి లెక్కలో భాగమే. పెద్ద సంకర జాతి ఆవు పాలు ఎక్కువ ఇస్తుంది, నీరు, మేత కూడా అంతకు తగినట్లే కోరుతుంది. మన పుంగనూరు పొట్టి ఆవు తక్కువ మేతతో, ఎండకు ఓర్చుకొని నిలిచే జాతి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతూ వచ్చారు. అందరూ పుంగనూరు ఆవులే కట్టండని మేము అనము. ఉన్న నీటికి మించి పశువులను కట్టి, ఏప్రిల్ నెలలో సంతకు తోలి అయిన కాడికి అమ్ముకొనే పరిస్థితి రాకూడదని అంటున్నాము. ఎండాకాలం అమ్మిన ధరకు వానాకాలం ఆవు దొరకదని మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇల్లు, కొట్టం

గ్రామ పంచాయతీలలో లేఅవుట్లకు, ఇండ్ల నిర్మాణానికి 2002లో ప్రత్యేకంగా నియమాలు వచ్చినవి. ఇల్లు కట్టే ముందు స్థలం కాగితాలతో, ప్లానుతో పంచాయతీకి దరఖాస్తు పెట్టవలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాలలో మునిసిపాలిటీకి పెట్టవలెను. 2019లో పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడిన తరువాత ఎన్నో పల్లెలు పట్టణాభివృద్ధి నియమాల క్రిందికి వచ్చినవి. మీ ఊరు ఎవరి పరిధిలో వున్నదో ముందుగా పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకొనవలెను.

మన వాళ్లు ప్లాను గీయించేటప్పుడు వంటగది, పడకగది గీయిస్తారు. కొట్టం గీయించరు. తరువాత మిగిలిన మూలలో నాలుగు రాళ్లు పాతి రేకులు వేస్తారు. మురుగు వీధిలోకి పారుతుంది. ప్రక్కింటి వారు ఫిర్యాదు ఇస్తే పంచాయతీ నోటీసు ఇస్తుంది. పాడి వున్న ఇంటి ప్లానులో నాలుగు విషయాలు మొదటే వుండవలెను. కొట్టం చోటు, కొట్టం నుండి మూత్రం, కడుగు నీరు పోయే కాలువ, ఎరువు గుంత, చూరు నీరు దిగే ఇంకుడు గుంత. ఎరువు గుంత బావికి, బోరుకు 15 మీటర్లకు తక్కువ కాకుండా, పల్లం వైపున వుండేటట్లు చూడండి. పేడ నీరు ఊటలో కలిస్తే నైట్రేటు పెరుగుతుంది. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణం. చంటి బిడ్డలకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకుడు గుంత పెద్ద ఖర్చు కాదు. వాల్టా చట్టం 200 చదరపు మీటర్లకు తక్కువ కాని ఆవరణలలో వాన నీటిని పట్టే ఏర్పాటును గూర్చి చెప్పింది. చిన్న ఇంటివారికీ అది లాభమే. 30 చదరపు మీటర్ల రేకుల కొట్టం మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కురిస్తే 21,000 లీటర్లు అవుతుంది. అందులో అయిదవ వంతు పోయినా దాదాపు 16,800 లీటర్లు మిగులుతుంది. రెండు ఆవులు 140 రోజులు త్రాగే నీరు అది. అంతా తొట్టిలో నిలువచేయడం సాధ్యం కాదు. కొంత తొట్టికి పట్టి, మిగిలినది బోరు ప్రక్కన ఇంకేటట్లు చేస్తే చాలు.

కొట్టాలకు ప్రభుత్వ సహాయం వచ్చిన సంవత్సరాలు కూడా వున్నవి. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రంలో కట్టిన 12,500 గోకులాలను 2025 జనవరి 10న పిఠాపురంలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రారంభించారు. పశువుల నీటి తొట్లు కూడా అటువంటి నిధులతోనే పల్లెల్లో కట్టారు. ఇటువంటి పథకాలు మారుతూ వుంటాయి, పేర్లు కూడా మారుతాయి. కాని ఏ పథకం వచ్చినా స్థలం కాగితం, పంచాయతీ తీర్మానం సిద్ధంగా వున్నవారికే ముందు అందుతుంది.

లేఅవుట్లను గూర్చి ఒక హెచ్చరిక. రోడ్డు ప్రక్క పొలాలు ప్లాట్లుగా మారేటప్పుడు పశువుల బాట, వంక, కుంట కనిపించకుండా పోయే ప్రమాదం వున్నది. అనుమతి ఇచ్చే ముందే అభ్యంతరం చెప్పవలెను, ఇండ్లు లేచిన తరువాత కష్టం. ఊరుమ్మడి చెరువులు, పశువుల మేత భూములు ఆక్రమించినవారిని తొలగించవలసిందేనని 2011 జనవరి 28న సుప్రీం కోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పి, అన్ని రాష్ట్రాలకూ ఆదేశం ఇచ్చింది. ఊరి పటంలో కుంటను చూపి అడిగే ధైర్యం ఆ తీర్పు ఇస్తున్నది.

పేడ లెక్క

ఒక పెద్ద ఆవు రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి అయిదున్నర టన్నులు. దీనిని వీధి ప్రక్కన దిబ్బగా పోస్తే ఎండకు సగం సారం పోతుంది, వానకు మిగిలినది కొట్టుకొనిపోతుంది. తరువాత మనమే దుకాణానికి పోయి యూరియా బస్తా కోసం వరుసలో నిలబడతాము.

గుంతలో వేసి, మీద చెత్త, మట్టి పొరలుగా కప్పి, తేమ ఆరకుండా చూస్తే అదే దిబ్బ నల్లని ఎరువు అవుతుంది. ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ కంపోస్టు పద్ధతిని పరీక్షించి 1931లో పుస్తకం వేశారు. మహారాష్ట్ర రైతు పాండరిపాండే రూపొందించిన నాడెప్ తొట్టి మనకు మరీ అనుకూలం. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు. గాలి ఆడేందుకు ఇటుకల మధ్య సందులు విడుస్తారు. సుమారు 100 కిలోల పేడను నీటిలో కలిపి చల్లితే దాదాపు టన్నున్నర చెత్తను మాగబెట్టవచ్చును. టమోటా తోట తీసిన తరువాత తీగలు, కలుపు, పశువు తినక విడిచిన మేత, ఆకు అన్నీ వేయవచ్చును. తెగులు పట్టిన మొక్కలు వేయకండి. మూడు నాలుగు నెలలకు ఎరువు చేతికి వస్తుంది. వేరుశనగ కట్టె పశువుకు పెట్టండి, తొట్టిలో వేయకండి.

పేడకు, నీటికి సంబంధం వున్నది. ఎరువు పడిన చేను తేమను ఎక్కువ రోజులు పట్టి వుంచుతుంది. ఒక తడి తగ్గితే ఆ మేరకు బోరు నీరు మిగులుతుంది. ఆ నీరు గడ్డికి, పశువుకు వస్తుంది. అందుకే ఎరువు గుంతను నీటి ప్రణాళికలో ఒక భాగంగానే చూడవలెను.

చాలా పంచాయతీలలో చెత్త నుండి సంపద తయారు చేసే షెడ్లు కట్టారు. కొన్ని చక్కగా నడుస్తున్నవి, కొన్నింటికి తాళం వేసి వున్నది. చెత్త వస్తే పేడ లేదు, పేడ వుంటే మనిషి లేడు. గుజరాత్‌లో ఆనంద్ జిల్లా జకారియాపురాలో పాలు పోసే మహిళల ఇండ్లలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో గోబర్ గ్యాస్ ప్లాంట్లు పెట్టి, మిగిలిన పేడ ద్రవాన్ని సహకార పద్ధతిలో సేకరించి ఎరువుగా అమ్మారు. పాలు సేకరించిన పద్ధతినే పేడకు వాడుకొన్నారు. రెండు ఘనమీటర్ల గ్యాస్ ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావలెను, అనగా మూడు నాలుగు పశువులున్న ఇంటికి తగినది. మూతపడిన షెడ్డును సంఘానికి అప్పగించమని పంచాయతీని అడిగి చూడవచ్చును.

సంఘం చేయవలసిన పనులు

మొదటిది, ప్రతి సంఘం నెల రోజుల్లో తన ఊరి పశువుల సంఖ్య, వాటికి రోజుకు కావలసిన నీరు, వేసవిలో ఆ నీరు దొరికే చోటు ఒక కాగితం మీద వ్రాయవలెను.

రెండవది, ఆ కాగితాన్ని పాలకవర్గం తీర్మానంతో గ్రామసభకు ఇచ్చి, సభ మినిట్సులో ఎక్కించి, నకలు తీసుకొనవలెను. మాట గాలికి పోతుంది, మినిట్సు నిలుస్తుంది.

మూడవది, గ్రామ నీరు, పారిశుద్ధ్య కమిటీలో పాలు పోసే స్త్రీలు వుండవలెను. జలజీవన్ మార్గదర్శకాలు ఆ కమిటీలో సగం మంది స్త్రీలు వుండవలెనని చెప్పినవి. నీరు మోసేది, పశువును కడిగేది వారే కనుక లెక్క వారికే బాగా తెలుసు.

నాలుగవది, ఈ సంవత్సరం ఇల్లు కట్టదలచిన సభ్యులకు కొట్టం, కాలువ, ఎరువు గుంత, ఇంకుడు గుంత వున్న ప్లాను ఒకటి కేంద్రం గోడకు అంటించి చూపవలెను.

అయిదవది, నిధులు ఎక్కడివని అడిగేవారికి ఒక మాట. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-22 నుండి 2025-26 వరకు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు త్రాగునీరు, వాన నీటి నిలువ, పారిశుద్ధ్యం కొరకే ప్రత్యేకించింది. ఇక మీదట వచ్చే నిధులకు ఏ నియమాలున్నవో కార్యదర్శిని అడిగి, మన పనిని ఆ పద్దు క్రింద వ్రాయించండి.

ఇవన్నీ ఒక్క వేసవిలో జరుగుతాయని మేము చెప్పము. కొన్ని ఊళ్లలో సభలో మాట్లాడితే నవ్వేవారు కూడా వుంటారు. ఆవుకు నీళ్లు పంచాయతీ పోయాలా అని అడుగుతారు. వారికి కోపపడకుండా జవాబు చెప్పండి. ఆవు త్రాగకుండా వుండదు. లెక్కలో వ్రాస్తే తొట్టిలో త్రాగుతుంది, వ్రాయకపోతే మనిషి కుళాయి దగ్గర త్రాగుతుంది. ఏది ఊరికి మేలో వారినే చెప్పమనండి.

రాబోయే గ్రామసభ తేదీ తెలియగానే కేంద్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఆ రోజు పాలు పోసిన తరువాత క్యాన్లు ఇంట్లో పెట్టి అందరూ సభకు రావలెను.